డెబ్బై దాటిన టి కణాలు

ఏప్రిల్ దాటితే చాలు, దోహా మీదుగానో దుబాయ్ మీదుగానో వచ్చి డాలస్‌లో దిగే విమానాల్లో తెలుగు అమ్మానాన్నల సందడి మొదలవుతుంది. వాళ్లలో చాలామంది చేరే ఊరు ఫ్రిస్కో. ఒకప్పటి రైల్వే కంపెనీ ముద్దుపేరే ఈ ఊరికి పేరయింది. 2000 జనాభా లెక్కల్లో ఇక్కడ 34 వేల మంది కూడా లేరు. 2020 నాటికి రెండు లక్షలు దాటారు. పెరిగిన జనంలో తెలుగువాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. కార్యసిద్ధి హనుమాన్ ఆలయానికి వెళ్లినా, సాయంత్రం పూట ఏ కాలనీ పార్కు చుట్టూ తిరిగినా తెలుగు మాట చెవిన పడుతుంది. ఊరు పడుచుది. ఆరు నెలలు ఉండటానికి వచ్చే అతిథులు మాత్రం అరవై, డెబ్బై దాటినవాళ్లు.

ఫ్లూ టీకా కోసమో, రక్తపోటు చూపించుకోవడానికో ఈ పెద్దవాళ్లు పిల్లలతో కలిసి మందుల షాపుకి వెళ్తే అక్కడో ప్రశ్న ఎదురవుతుంది: షింగిల్స్ టీకా వేయించుకున్నారా? అమెరికాలో 50 దాటిన వాళ్లందరికీ సిఫార్సు చేసే టీకా అది. షింగిల్స్ అంటే మన అక్కి. సర్పి అని కూడా అంటారు. నడుము మీదో, ఛాతీ పక్కనో ఒకవైపే పట్టీలాగా పొక్కులు లేచి భగ్గున మండుతుంది. ఊళ్లలో కావిమట్టితో అక్కి రాయించుకున్నవాళ్లు ఈ తరంలో ఇంకా ఉన్నారు.

అక్కిని తెచ్చే వైరస్ బయటి నుంచి కొత్తగా రాదు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు ఒంట్లో చేరి, వెన్నుపాము పక్కన నరాల ముడుల్లో దాక్కుని ఉంటుంది. దాన్ని దశాబ్దాల తరబడి అక్కడే అణచిపెట్టేవి రోగనిరోధక వ్యవస్థలోని టి కణాలు. అవి బలహీనపడిన రోజున వైరస్ నరం వెంట పాకి చర్మం మీదికి వస్తుంది. అందుకే అక్కి యాభై దాటాక ఎక్కువ, డెబ్బై దాటాక మరీ ఎక్కువ. రోగనిరోధక వ్యవస్థకు వయసు మీద పడిందని ఏ ల్యాబ్ పరీక్షా లేకుండా కంటికి కనిపించే గుర్తు ఇదే.

ఆ బలహీనత ఎంతో కొలిచి చెప్పింది కూడా టీకాయే. అక్కికి మొదట వచ్చిన టీకా జోస్టావాక్స్. అందులో ఉన్నది బలం తగ్గించిన సజీవ వైరస్. అరవైల్లో ఉన్నవారిలో అది 64 శాతం రక్షణ ఇచ్చింది. డెబ్బైల్లో 41 శాతం. ఎనభై దాటినవారిలో 18 శాతమే. టీకా అదే, మోతాదు అదే. అందుకునే శరీరమే మారింది. 2017లో అమెరికాలో అనుమతి పొందిన షింగ్రిక్స్ ఈ కథను తిరగరాసింది. యాభై దాటినవారిలో 97 శాతం, డెబ్బై దాటినవారిలో కూడా 90 శాతం దరిదాపుల్లో రక్షణ ఇచ్చింది. ఇందులో సజీవ వైరస్ లేదు. వైరస్ పైపొరలోని ఒక ప్రొటీనూ, దానికి తోడుగా అడ్జువెంట్ అనే ఉత్తేజకమూ ఉన్నాయి. ఆ ఉత్తేజకంలో ఒక పదార్థం చిలీ దేశపు చెట్టు బెరడు నుంచి వస్తే, ఇంకొకటి సాల్మొనెల్లా బ్యాక్టీరియా కవచం నుంచి వస్తుంది. ఈ రెండోది రోగనిరోధక కణాల మీద ఉండే టీఎల్ఆర్4 అనే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. బ్యాక్టీరియా కవచాన్ని పసిగట్టేది ఆ గ్రాహకమేనని 1998లో తేల్చిన బ్రూస్ బాయిట్లర్ అప్పుడు పనిచేస్తున్నది ఫ్రిస్కో నుంచి టోల్‌వే ఎక్కితే ముప్పావు గంటలో చేరగలిగే యూటీ సౌత్‌వెస్టర్న్ మెడికల్ సెంటర్‌లో. 2011 నోబెల్ బహుమతిలో ఆయనకు వాటా దక్కింది.

క్యాన్సర్ గురించిన అధ్యాయం అక్కితో మొదలవడానికి కారణం ఉంది. దాక్కున్న వైరస్‌ను కనిపెట్టుకుని ఉండే టి కణాల కుటుంబమే దారి తప్పిన సొంత కణాలనూ వేటాడుతుంది. వయసుతో ఆ వేట మందగిస్తుంది. కానీ సరైన సంకేతం అందితే ముసలి టి కణాలు కూడా లేచి పనిచేస్తాయని షింగ్రిక్స్ అంకెలు చెబుతున్నాయి. క్యాన్సర్ విషయంలోనూ ఇంచుమించు ఇదే జరుగుతోంది.

కాపలా ఉందనడానికి రుజువు

శరీరం తనలో పుట్టే కణితుల్ని తనే తుడిచేస్తూ ఉంటుందని జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ 1909లోనే ఊహించాడు. 1950ల చివర్లో ఆస్ట్రేలియాకు చెందిన మెక్‌ఫర్లేన్ బర్నెట్, అమెరికాకు చెందిన లూయిస్ థామస్ ఆ ఊహకు సిద్ధాంత రూపం ఇచ్చారు. 1974లో దానికి గట్టి దెబ్బ తగిలింది. టి కణాలకు శిక్షణ ఇచ్చే థైమస్ గ్రంథి పుట్టుకతోనే లేని, ఒంటి మీద వెంట్రుకలు లేని ఎలుకలకు క్యాన్సర్ తెప్పించే రసాయనం ఎక్కించి చూస్తే, మామూలు ఎలుకల కన్నా వాటికేమీ ఎక్కువగా కణితులు రాలేదు. కాపలా సిద్ధాంతం పాతికేళ్లకు పైగా మూలన పడింది. ఆ ఎలుకల్లో టి కణాలు పూర్తిగా లేకుండా పోలేదనీ, సహజ హంతక కణాలు కూడా ఉన్నాయనీ తర్వాతే తెలిసింది. 2001లో రాబర్ట్ ష్రైబర్ బృందం టి కణాల వంటి లింఫోసైట్లు అసలే తయారు కాని ఎలుకలతో అదే ప్రయోగం చేసింది. ఈసారి కణితులు స్పష్టంగా ఎక్కువగా వచ్చాయి. అలాంటి ఎలుకల్లో పెరిగిన కణితుల్ని మామూలు ఎలుకల్లో నాటితే వాటిలో కొన్నింటిని అవి తిప్పికొట్టాయి కూడా.

మనుషుల్లో రుజువు ఆపరేషన్ గదుల నుంచి వచ్చింది. కిడ్నీ, కాలేయం, గుండె మార్పించుకున్నవాళ్లు కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు జీవితాంతం వాడాలి. అమెరికాలో 1,75,732 అవయవ మార్పిడుల రికార్డులు పరిశీలించి 2011లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, వాళ్లకు క్యాన్సర్ ముప్పు సాధారణ జనాభాతో పోలిస్తే సుమారు రెండింతలు. ఆ పెరుగుదల అన్ని క్యాన్సర్లలో ఒకేలా లేదు. వైరస్‌లతో ముడిపడిన క్యాన్సర్లు, ఊపిరితిత్తుల క్యాన్సర్, కిడ్నీ క్యాన్సర్ బాగా పెరిగాయి. రొమ్ము, ప్రోస్టేట్ క్యాన్సర్లు పెరగలేదు. అంటే కాపలా కన్ను కొన్ని కణితుల మీద చురుగ్గా ఉంటుంది, కొన్నింటి మీద అంతగా ఉండదు.

అన్నిటికన్నా విచిత్రమైన కేసు స్కాట్లాండ్ వైద్యులు 2003లో ప్రచురించారు. ఒకరికి మెలనోమా అనే చర్మ క్యాన్సర్ వస్తే కోసి తీసేశారు. పదహారేళ్లు ఆ మనిషికి ఏ ఇబ్బందీ లేదు. నయమైపోయిందనే అందరూ అనుకున్నారు. వేరే కారణంతో మరణించాక ఆ రెండు కిడ్నీలను ఇద్దరికి అమర్చారు. ఇద్దరిలోనూ మెలనోమా బయటపడింది. పదహారేళ్ల పాటు దాత శరీరం ఆ కణాల్ని పూర్తిగా చంపకపోయినా, తలెత్తనివ్వలేదు. రోగనిరోధక శక్తిని మందులతో తగ్గించిన శరీరంలోకి వెళ్లగానే అవి విజృంభించాయి.

ఒక లెక్క, రెండు కారణాలు

అమెరికాలో క్యాన్సర్ బయటపడేవారి మధ్యస్థ వయసు 67. అంటే ఆ రోగుల్లో సగం మంది అంతకన్నా పెద్దవాళ్లే. ఎందుకిలా? 1954లో పీటర్ ఆర్మిటేజ్, రిచర్డ్ డాల్ ఇచ్చిన సమాధానం చాలాకాలం నిలిచింది. కణం క్యాన్సర్‌గా మారాలంటే దాని డీఎన్‌ఏలో ఒకటి కాదు, ఆరేడు మార్పులు వరుసగా పేరుకోవాలి. అలా పేరుకోవడానికి ఏళ్లు పడుతుంది.

ఈ పేరుకుపోవడం ఎలా ఉంటుందో ఉత్తరాంధ్ర తీరానికి బాగా తెలుసు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో పేద కుటుంబాల ఆడవాళ్లు నిప్పు ఉన్న కొస నోటి లోపల పెట్టుకుని చుట్ట తాగే అలవాటును అడ్డపొగ అంటారు. ఆ జిల్లాల్లో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరిశీలించి 1971లో ప్రచురించిన అధ్యయనం, ఆ వేడీ పొగా తగిలే అంగిలి మీదే మచ్చలూ పుండ్లూ ఎలా పుడుతున్నాయో ప్రపంచానికి చూపించింది. ఏళ్ల తరబడి రోజూ అదే చోట అదే గాయం: ఆర్మిటేజ్, డాల్ చెప్పిన లెక్కకు ఇంతకన్నా సూటి ఉదాహరణ దొరకదు.

అయితే 2018లో స్కాట్లాండ్‌కే చెందిన గణితవేత్తలు, జీవశాస్త్రవేత్తలు కలిసి ఇంకో లెక్క వేశారు. శరీరంలో కొత్త టి కణాల తయారీ సుమారు 16 ఏళ్లకొకసారి సగమవుతుంది. ఇరవై ఏళ్ల యువకుడితో పోలిస్తే 68 ఏళ్ల పెద్దాయనలో కొత్త టి కణాల ఉత్పత్తి ఎనిమిదో వంతు. ఈ తగ్గుదల రేఖను తలకిందులు చేసి చూస్తే, చాలా క్యాన్సర్లు వయసుతో పెరిగే రేఖ దానికి దగ్గరగా సరిపోయింది. డీఎన్‌ఏ మార్పులు అక్కర్లేదని వాళ్లు అనలేదు. ఆ మార్పులకు తోడు కాపలా సన్నగిల్లడం కూడా లెక్కలోకి రావాలన్నారు.

కొత్త టి కణాలకు శిక్షణ ఇచ్చేది థైమస్. రొమ్ము ఎముక వెనక, గుండెకు కాస్త పైన ఉంటుంది. ఎముక మజ్జలో పుట్టిన లేత కణాలు ఇక్కడికి చేరతాయి. సొంత శరీరం మీదే తిరగబడేవీ, దేన్నీ గుర్తుపట్టలేనివీ ఇక్కడే చచ్చిపోతాయి. పదింటిలో తొమ్మిదికి పైగా ఈ పరీక్షలో నెగ్గవు. బాల్యంలో నిండుగా ఉండే ఈ గ్రంథి క్రమంగా కుంచించుకుపోయి, దాని జాగాలో కొవ్వు చేరుతుంది. 1961లో లండన్‌లో జాక్ మిల్లర్ దీని పని కనుక్కునేదాకా వైద్యులు దీన్ని పనికిరాని అవశేషం అనుకున్నారు. ఆ తర్వాత కూడా పెద్దవాళ్లలో దీనికి పెద్ద పనేమీ ఉండదన్న అభిప్రాయం పోలేదు. గుండె ఆపరేషన్లో అడ్డొస్తే కోసి తీసేయడం మామూలే.

ఆ అభిప్రాయం 2023లో కుదుపుకు లోనైంది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వైద్యులు, ఛాతీ ఆపరేషన్లో థైమస్ తీసేసిన 1,146 మంది పెద్దల రికార్డులను, థైమస్ ఉంచేసిన అలాంటి రోగుల రికార్డులతో పోల్చారు. అయిదేళ్లు తిరిగేసరికి థైమస్ లేనివారిలో 8.1 శాతం మంది, ఉన్నవారిలో 2.8 శాతం మంది చనిపోయారు. క్యాన్సర్ వచ్చినవారు 7.4 శాతం, 3.7 శాతం. ఇది పాత రికార్డుల పరిశీలనే కాబట్టి కార్యకారణ సంబంధాన్ని పూర్తిగా నిరూపించదు. అయినా ముడుచుకుపోయిన థైమస్ కూడా ఎంతో కొంత పనిచేస్తూనే ఉందని చెప్పడానికి ఇంతకు ముందెప్పుడూ లేనంత బలమైన ఆధారం ఇది.

పాతవాళ్లే నిండిపోతే

కొత్త టి కణాలు తగ్గినంత మాత్రాన మొత్తం సంఖ్య పెద్దగా తగ్గదు. ఉన్నవే విభజన చెంది ఖాళీలు నింపుతాయి. చిక్కు అక్కడే ఉంది. నిండేవి ఎప్పుడో ఒకసారి శత్రువును చూసి గుర్తుపెట్టుకున్న జ్ఞాపక కణాలు. ఇంతవరకూ ఎవరూ చూడని శత్రువును గుర్తుపట్టాల్సిన కొత్త కణాలకు చోటు తగ్గుతుంది. క్యాన్సర్ కణం మీద కనిపించే మారిన ప్రొటీన్లు సరిగ్గా అలాంటి ముందెన్నడూ చూడని గుర్తులే.

ఈ ఆక్రమణలో ముందు వరుసలో ఉండేది సైటోమెగలోవైరస్. భారతదేశంలో పెద్దవాళ్లలో అత్యధికుల ఒంట్లో ఇది చిన్నతనం నుంచే ఉంటుంది. ఆరోగ్యవంతులకు ఏ లక్షణమూ కనిపించదు. కానీ దీన్ని అదుపులో పెట్టడానికి శరీరం ఏళ్ల తరబడి అదే రకం టి కణాల్ని పెంచుతూ పోతుంది. ఊరి చెరువులో గుర్రపుడెక్క అల్లుకున్నట్టు ఈ ఒక్క జాతే విస్తరిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవారి రక్తంలో కూడా జ్ఞాపక టి కణాల్లో సగటున పదో వంతు ఈ ఒక్క వైరస్ కోసమే కేటాయించి ఉన్నట్టు 2005లో అమెరికన్ పరిశోధకులు లెక్కగట్టారు. వయసు పెరిగే కొద్దీ ఆ వాటా పెరుగుతుంది.

ఎముక మజ్జలోనూ మార్పు వస్తుంది. రక్తాన్ని తయారుచేసే మూలకణాలు వయసుతో లింఫోసైట్ల కన్నా ఇతర తెల్లకణాల వైపు మొగ్గు చూపుతాయి. ఏదో ఒక మూలకణం ఒక జన్యుమార్పుతో మిగతావాటిని దాటి పెరిగి, రక్తంలో గణనీయమైన భాగానికి తానే మూలమవుతుంది. డెబ్బై దాటినవారిలో పదిమందికి ఒకరి కన్నా ఎక్కువగా ఇది కనిపిస్తుందని 2014లో తేలింది. ఇది రక్త క్యాన్సర్ కాదు. కానీ దాని ముప్పును పెంచుతుంది; గుండెజబ్బు ముప్పును కూడా.

ఆగని సంకేతాలు

వయసు మీద పడ్డ రోగనిరోధక వ్యవస్థ బలహీనంగా ఉండటమే కాదు, అనవసరంగా ఆవేశపడుతూ కూడా ఉంటుంది. ఇన్‌ఫెక్షన్ ఏదీ లేకపోయినా రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ (వాపు) సూచికలు సన్నగా, నిరంతరంగా పెరిగి ఉంటాయి. ఇటలీకి చెందిన క్లాడియో ఫ్రాన్సెస్కీ 2000లో ఈ స్థితికి పేరుపెట్టి వివరించాడు. దీని వెనక కారణాలు చాలా ఉన్నాయి. పొట్టలో కొవ్వు ఒకటి. విభజన ఆపేసి కూడా చావకుండా మిగిలి, చుట్టూ ఇన్‌ఫ్లమేషన్ రసాయనాలు విడుదల చేసే ముసలి కణాలు ఇంకొకటి.

ఈ కథలోనూ డాలస్‌కు చోటుంది. యూటీ సౌత్‌వెస్టర్న్‌లో ఝిజియన్ జేమ్స్ చెన్ బృందం 2012 చివర్లో సీగ్యాస్ అనే ఎంజైమును బయటపెట్టింది. డీఎన్‌ఏ ఉండాల్సింది కేంద్రకంలో. అది కణం లోపల వేరేచోట కనిపిస్తే వైరస్ చొరబడిందనో, కణం పాడైపోయిందనో అర్థం. దాన్ని పసిగట్టి ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక సంకేతాలు పంపేది సీగ్యాస్. దీనికి 2024లో చెన్‌కు లాస్కర్ అవార్డు వచ్చింది. క్యాన్సర్ కణాల్లో డీఎన్‌ఏ ముక్కలు చెదిరిపడుతుంటాయి కాబట్టి, టి కణాల్ని కణితి వైపు పిలిచే సంకేతాల్లో ఇదొకటి. ముసలి కణాల్లోనూ డీఎన్‌ఏ ఇలాగే బయటికి కారుతుంది. అప్పుడు అదే ఎంజైము, అదే సంకేతం ఆగకుండా సాగి వృద్ధాప్యపు ఇన్‌ఫ్లమేషన్‌ను పెంచుతాయి. యవ్వనంలో కాపాడేదీ వార్ధక్యంలో వేధించేదీ ఒకటే యంత్రాంగం.

ఇన్‌ఫ్లమేషన్ యంత్రాంగం ఎలా రాజుకుంటుందో విప్పి చూపినవారిలో ఒక తెలుగు శాస్త్రవేత్త ముందు వరుసలో ఉన్నారు. కొత్తగూడెంలో పుట్టి, కాకతీయ, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో చదివి, మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పరిశోధన ఆసుపత్రిలో ల్యాబ్ నడిపిన తిరుమలాదేవి కన్నెగంటి పరిశోధనలకు కేంద్రం ఎన్ఎల్ఆర్‌పీ3 వంటి ప్రొటీన్లు. ప్రమాదం పసిగట్టగానే ఇవి గుంపుగా కూడి ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే రసాయనాన్ని సిద్ధం చేస్తాయి. జ్వరం తెప్పించేదీ, కణాల్ని యుద్ధానికి లేపేదీ అదే. బ్యాక్టీరియా ఆర్‌ఎన్‌ఏ ఈ గుంపును ఎలా మేల్కొల్పుతుందో చెప్పిన 2006 నాటి తొలి పత్రాల్లో ఆమెది ఒకటి.

ఆ ఇంటర్‌ల్యూకిన్‌ను అడ్డుకుంటే ఏమవుతుంది? జవాబు అనుకోకుండా గుండెజబ్బుల పరిశోధనలో దొరికింది. కానకినుమాబ్ అనే మందుకు అసలు లక్ష్యం, ఒకసారి గుండెపోటు వచ్చినవారికి మళ్లీ రాకుండా చూడటం. 10,061 మంది మీద జరిగిన కాంటోస్ పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. ఎక్కువ మోతాదు తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ కేసులు మూడింట రెండు వంతులు తగ్గి కనిపించాయి. వైద్యలోకం ఎగిరి గంతేసింది. మరోవైపు ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు కొంచెం పెరిగాయి. రక్షణ సంకేతాన్ని కోస్తే అలాంటి మూల్యం తప్పదు. తర్వాత, అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవారికి అదే మందు ఇచ్చి చూసిన మూడు పెద్ద పరీక్షలూ వరుసగా విఫలమయ్యాయి. కణితి స్థిరపడ్డాక ఆ సంకేతాన్ని ఆపి లాభం లేకపోయింది.

ఎందుకో కొంత స్పష్టత 2024లో న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ నుంచి వచ్చింది. మాథ్యూ పార్క్, మిరియం మెరాద్ బృందం ముసలి ఎలుకల్లో ఊపిరితిత్తుల కణితులు వేగంగా పెరగడం చూసి, ఎముక మజ్జల్ని మార్చి చూసింది. ముసలి ఎలుకకు లేత మజ్జ ఎక్కిస్తే కణితి నెమ్మదించింది. లేత ఎలుకకు ముసలి మజ్జ ఎక్కిస్తే వేగం పెరిగింది. అంటే ఊపిరితిత్తి వయసు కన్నా మజ్జ వయసు ముఖ్యమైంది. ముసలి మజ్జ నుంచి వచ్చిన కణాలు కణితిలోకి చేరి, ఇంటర్‌ల్యూకిన్-1 ఆల్ఫా ద్వారా మజ్జనే మళ్లీ ఉసిగొల్పి, టి కణాల్ని అణిచే రకం కణాల్ని ఇంకా ఇంకా రప్పించుకున్నాయి. ఆ సంకేతాన్ని మొదట్లోనే అడ్డుకుంటే కణితి వెనకడుగు వేసింది. ఆలస్యంగా అడ్డుకుంటే అంత ప్రభావం లేదు.

వయసు క్యాన్సర్‌కు అన్నివేళలా అనుకూలమేనా? కాదు. అదే ఏడాది న్యూయార్క్‌లోనే మెమోరియల్ స్లోన్ కెటరింగ్ పరిశోధకులు ముసలి ఎలుకల ఊపిరితిత్తుల్లో కణితి మొదలవడమే కష్టమని చూపించారు. కణాలు ఇనుమును వాడుకునే తీరు వయసుతో మారి, కొత్తగా చిగురించే శక్తి తగ్గుతుంది. ఆ లోపం క్యాన్సర్ కణానికి కూడా వర్తిస్తుంది. మనుషుల్లో కూడా ఎనభై అయిదు దాటాక చాలా క్యాన్సర్ల రేటు పెరగడం ఆగిపోతుంది. మొదలవడానికి ఒక నియమం, మొదలయ్యాక పెరగడానికి ఇంకో నియమం ఉన్నట్టు కనిపిస్తోంది.

తొంభై ఏళ్ల రోగి

2015 ఆగస్టులో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ విలేఖరుల ముందు కూర్చుని, తనకు మెలనోమా ఉందనీ, కాలేయానికీ మెదడుకీ పాకిందనీ చెప్పారు. అప్పటికి ఆయన వయసు 90. అయిదేళ్ల ముందైతే అలాంటి రోగికి వైద్యులు చేయగలిగింది చాలా తక్కువ. కార్టర్‌కు కాలేయంలో గడ్డ తీసేశారు, మెదడుకు రేడియేషన్ ఇచ్చారు. దాంతోపాటు పెంబ్రోలిజుమాబ్ మొదలుపెట్టారు. మెలనోమాకు ఆ మందు అమెరికాలో అనుమతి పొంది అప్పటికి ఏడాది కూడా కాలేదు. డిసెంబరులో స్కానింగ్‌లో క్యాన్సర్ జాడ కనిపించలేదు. ఆయన మరో తొమ్మిదేళ్లు బతికి, 2024 డిసెంబరు 29న, నూరేళ్లు దాటాక మరణించారు.

ఆ మందు క్యాన్సర్ కణాన్ని నేరుగా చంపదు. టి కణాల మీద పీడీ-1 అనే బ్రేకు ఉంటుంది. 1992లో జపాన్‌లో తసుకు హోంజో బృందం దాన్ని కనుక్కుంది. కణితి ఆ బ్రేకును నొక్కిపట్టి తప్పించుకుంటుంది. మందు ఆ పట్టు వదిలిస్తుంది. సీటీఎల్‌ఏ-4 అనే మరో బ్రేకు మీద పనిచేసిన జేమ్స్ ఆలిసన్ టెక్సస్‌లో ఆలిస్ అనే చిన్న ఊళ్లో పుట్టినవాడు. క్యాన్సర్‌తో తల్లిని చిన్నప్పుడే పోగొట్టుకున్నాడు. ఇప్పుడు హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌లో ఉన్నాడు. ఆలిసన్, హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది.

ముసలి టి కణాలకు బ్రేకు తీసినా బండి కదలదని చాలామంది భయపడ్డారు. 2018లో ఫిలడెల్ఫియాలో అశానీ వీరరత్న బృందం 538 మంది మెలనోమా రోగుల వివరాలు చూస్తే భయానికి భిన్నమైన చిత్రం కనిపించింది. పీడీ-1 మందుకు అరవై దాటినవారే మెరుగ్గా స్పందించారు. కణితిలో టి కణాల్ని శాంతపరిచే నియంత్రక కణాల వాటా వృద్ధుల్లో తక్కువగా ఉండటం ఒక కారణమై ఉంటుందని వాళ్ల వివరణ. అన్ని క్యాన్సర్లకూ ఇది వర్తించదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ వంటివాటిలో వృద్ధులకూ నడివయసువారికీ లాభం ఇంచుమించు సమానం. పరీక్షల్లో 75 దాటినవారిని చేర్చుకోవడమే తక్కువ కాబట్టి, ఆ పైవయసు గురించి ఆధారాలు పలచగా ఉన్నాయి.

ఖరీదు మాట వేరు. తెలుగు రాష్ట్రాల్లో ఈ మందులు చాలా కుటుంబాలకు అందని ద్రాక్షే. ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు దీనికో దారి వెతికారు. ముదిరిన తల, మెడ, నోటి క్యాన్సర్ రోగులకు మామూలు చికిత్సతో పాటు నివోలుమాబ్ అనే పీడీ-1 మందును మూడు వారాలకొకసారి 20 మిల్లీగ్రాములు, అంటే వాడుకలో ఉన్న మోతాదులో పదో వంతు కన్నా తక్కువ, ఇచ్చి చూశారు. ఏడాది తర్వాత బతికి ఉన్నవారు మామూలు చికిత్స వర్గంలో 16.3 శాతం, నివోలుమాబ్ కలిపిన వర్గంలో 43.4 శాతం. 2022లో వచ్చిన ఈ ఫలితం పొగాకు క్యాన్సర్లు విరివిగా ఉన్న మన ప్రాంతానికి నేరుగా సంబంధించింది.

పుట్టినరోజు చెప్పని సంగతులు

పెద్దవాళ్లకు క్యాన్సర్ అని తెలిస్తే ఫ్రిస్కోలో ఉన్న కొడుకూ, హైదరాబాద్‌లో ఉన్న కూతురూ ఫోన్లో మాట్లాడుకుని, ఈ వయసులో ఆయన్ని ఎందుకు కష్టపెట్టడం అనుకోవడం కొత్త కాదు. కొన్నిసార్లు ఆ నిర్ణయం సబబే. కానీ దానికి పుట్టిన సంవత్సరం ఒక్కటే ఆధారమైతే పొరపాటు జరిగే అవకాశం ఉంది. ఒకే వయసున్న ఇద్దరి రోగనిరోధక వ్యవస్థలు ఒకేలా ఉండవు. ఏళ్ల తరబడి సైకిల్ తొక్కే అలవాటున్న, 55 నుంచి 79 ఏళ్ల మధ్య వయసున్న 125 మందిని బ్రిటన్ పరిశోధకులు పరీక్షించి 2018లో ఫలితాలు వెలువరించారు. అదే వయసులో కదలకుండా కూర్చునేవారి కన్నా వీళ్ల థైమస్ నుంచి కొత్త టి కణాలు ఎక్కువగా వస్తున్నాయి.

వయసు బదులు ఏం చూడాలో వైద్యులకు ఇప్పుడు తెలుసు. రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన సుప్రియా మోహిలే నాయకత్వంలో, ముదిరిన క్యాన్సర్ ఉన్న 70 దాటిన 718 మందితో ఒక పరీక్ష జరిగింది. ఒక వర్గం రోగుల విషయంలో నడక వేగం, తూలి పడిన సందర్భాలు, జ్ఞాపకశక్తి, బరువు తగ్గడం, ఇంట్లో తోడు ఎవరున్నారు, మొత్తం ఎన్ని మందులు వాడుతున్నారు వంటి వివరాలు సేకరించి, సూచనలతో సహా క్యాన్సర్ డాక్టరుకు అందించారు. రెండో వర్గంలో మామూలు పద్ధతే సాగింది. 2021లో ప్రచురించిన ఫలితాల ప్రకారం తీవ్రమైన దుష్ప్రభావాలు మామూలు వర్గంలో 71 శాతం మందికి వస్తే, వివరాలు అందిన వర్గంలో 51 శాతానికి తగ్గాయి. బతికిన కాలం మాత్రం తగ్గలేదు.

ఆ వివరాల్లో మందుల జాబితా తెలుగు కుటుంబాలకు మరీ ముఖ్యం. ఆరు నెలలకు సరిపడా మందులు సూట్‌కేసులో సర్దుకుని వచ్చే పెద్దవాళ్ల డబ్బాల్లో షుగరు, బీపీ బిళ్లలతో పాటు, కీళ్లనొప్పులకో ఆయాసానికో ఎప్పుడో మొదలుపెట్టి ఆపని స్టెరాయిడ్ కూడా ఉండొచ్చు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పీడీ-1 మందు మొదలుపెట్టే నాటికి రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆపైన ప్రెడ్నిసోన్ వాడుతున్నవారిలో ఆ మందు తక్కువగా పనిచేసినట్టు 2018లో 640 మంది రోగుల రికార్డుల్లో కనిపించింది. స్టెరాయిడ్ వాడేవారు ముందే ఎక్కువ జబ్బుగా ఉండటం కూడా అందుకు కొంత కారణమని తర్వాతి పరిశీలనలు అన్నాయి. అలాగని ఆ బిళ్లను సొంతంగా, ఒక్కసారిగా ఆపడం ప్రమాదం. చాలాకాలం స్టెరాయిడ్ వాడిన ఒంట్లో సొంత హార్మోన్ల తయారీ మందగించి ఉంటుంది. మోతాదును డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఊళ్లో రాసిచ్చిన చీటీలు, పేరు తెలియని పొడులు, ఆకుమందులతో సహా డబ్బా మొత్తాన్ని మొదటి అపాయింట్‌మెంట్‌కే తీసుకెళ్లి డాక్టరుకు చూపించడం మంచిది.